ఆరో పుల్ల

సాంబయ్య వంగి జానతో కొలిచాడు. గండి అంచుకీ, తాను పాతిన తుమ్మపుల్లకీ మధ్య నిన్న మూడు జానలు ఉంది. ఇవాళ రెండున్నర. తెల్లవారుజామున పడింది తుంపరే, దానికే అర జానెడు నేల కూలిపోయింది.

వత్సవాయి శివారున, వాగు ఒడ్డున అతనికి ఉన్నది ముప్పై సెంట్లు. అరవై నాలుగేళ్ల మనిషికి నాదని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. గండి వాగులో పుట్టి, వానవానకీ వెనక్కి పాకుతూ చేలో సగం దాకా వచ్చింది. పెద్దవాన వెలిసినప్పుడల్లా దాని మొనకి ఎగువన ఒక పుల్ల పాతడం సాంబయ్య అలవాటు. ఐదు పుల్లల్ని మింగేసింది. ఇది ఆరోది.

పొట్టి మనిషి. నలభై ఏళ్లు పరుల చేలకి గట్లు వేసిన నడుం నిటారుగా నిలవడం ఎప్పుడో మానేసింది. పార తొక్కి తొక్కి కుడి అరికాలు బెరడు కట్టింది. ఏ గట్టు ఎక్కడ తెగుతుందో చూసి చెప్పేస్తాడని ఊళ్లో పేరు. సొంత చేను దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమైందో అతనికే తెలియాలి.

ఎగువ చేను చంద్రమౌళిది. ట్రాక్టరుకి అడ్డమని నిరుడు ఆయన గరిక పట్టిన పాత గట్టును తీయించి, వాలు వెంట నిలువునా దున్నించి పత్తి పెట్టాడు. సాళ్లన్నీ కాలువలైపోయాయి. నీరు పల్లమెరుగు అంటారు, ఆయన దానికి దారి కూడా వేసిపెట్టాడు.

మధ్యాహ్నానికి గరికపాడు వైపు ఆకాశం నల్లబడింది. చంద్రమౌళి పైనుంచి కేకేశాడు.

"మబ్బు పట్టింది, ఇంటికెళ్లరాదూ సాంబయ్యా?"

"నిలువుసాళ్లు వద్దని మొత్తుకున్నా గదండీ. మీరు విన్లా."

"నేను గట్టు తీయించింది నిరుడు. నీ గండి నాలుగేళ్ల నాటిది. నా మీదకి తోస్తావేంటయ్యా?"

సాంబయ్యకి ఒళ్లు మండింది. కానీ ఆ మాట నిజం. పైనుంచి కింది దాకా మొదటిసారి ఎవరి చేనో చూసినట్టు తన చేను చూశాడు. పై అంచున తన గుడిసె దగ్గర్నుంచి గండి మొన దాకా ఒకే గీత, గరిక మొలవని గట్టినేల. గేదెల దారి, వాననీళ్లకీ అదే దారి. ఇరవై ఏళ్లు జత గేదెల్ని రోజూ ఆ గీత మీదే వాగులోకి తోలాడు. దారి మారుస్తా ఉండమని భార్య రత్తమ్మ అంటే, గొడ్డుకి దారి నువ్వు నేర్పుతావా అని నవ్వాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

చినుకులు మొదలయ్యాయి. పుల్లకి ఎగువన, ఆ దారికి అడ్డంగా తంగేడు కొమ్మలు పరిచి, రాళ్లు పేర్చి, మన్ను ఎత్తి తొక్కసాగాడు. నీళ్లని పక్కనున్న గరికబీడులోకి మళ్లించాలి. ఈ ఒక్క వానకి కట్ట ఆగితే చేను మిగులుతుంది.

రత్తమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని పరుగున వచ్చింది. "పిడుగులు పడతన్నాయి, ఇంటికి రావయ్యా!"

"నీ మాట వినుంటే ఈ గండే ఉండేది కాదే."

నలభై ఏళ్ల కాపురంలో అతను అలా ఒప్పుకోవడం అదే మొదలు. ఆమె ఇంక రమ్మనలేదు, రాళ్లు అందించింది.

ఎర్రనీళ్లు ఉరుకుతూ వచ్చాయి. కట్టను గుద్దుకుని నురగ కక్కాయి. ఒక కొమ్మ లేచింది. సాంబయ్య దాని మీద కాలేసి నిలబడ్డాడు. నీళ్లు తటపటాయించి, పక్కకి తిరిగి, గరికలో పడి నెమ్మదించాయి.

"తిరిగినయ్యే," అన్నాడు. "కాస్త ఊపిరి తీసుకోనీ." పార ఆనుకుని కట్ట మీద కూర్చున్నాడు.

రత్తమ్మ ఇంకో రాయి తెచ్చేసరికి అతని తల పార పిడి మీద వాలి ఉంది. రెండుసార్లు పిలిచింది. రాయి కింద పెట్టి, తన గోనెసంచి అతని మీద కప్పింది.

వాన రెండు రోజులు కురిసింది. అతన్ని కాటికి సాగనంపడం అయ్యాక మూడోనాడు రత్తమ్మ చేలోకి వచ్చి, గండి అంచున వంగి కొలిచింది. అతని రెండున్నర జానలు ఆమె చిన్న చేతికి మూడయ్యాయి. తుమ్మపుల్ల పాతినచోటే నిలబడి ఉంది.