లెక్కలోకి రాని గెంతులు

అగ్గిపెట్టెంత సెన్సర్ అది. స్కేటింగ్ నేర్చుకునే పిల్లల నడుముకు వెనకవైపు బెల్టుతో కడితే చాలు, ఎవరు ఎన్నిసార్లు గెంతారో, గాల్లో ఎన్ని చుట్లు తిరిగారో, మంచు మీద ఎంత బరువుగా దిగారో అంతా ఆఫీసు గదిలోని తెర మీదికి వచ్చేస్తుంది. మితిమీరి గెంతి మోకాళ్లు పాడుచేసుకునేవాళ్లను ముందే కనిపెట్టి ఆపాలని దాన్ని తయారుచేసి తెచ్చిన పరిశోధకురాలి ఆశ. కోచ్‌కి మాత్రం అది పనిదొంగల్ని పట్టిచ్చే సాధనంలా కనబడింది. అటు చిన్నపిల్లల్ని చేతులు పట్టుకుని నడిపిస్తూ, ఇటు పెద్దపిల్లల మీద ఓ కన్నేసి ఉంచలేక ఆవిడ ప్రాణం విసిగిపోయి ఉంది.

ఆ పెద్దపిల్లల్లో ఒకతి ఆవిడ అన్న కూతురు. అందరూ ఎడమవైపుకు తిరుగుతూ గెంతితే ఈ పిల్ల కుడివైపుకు తిరుగుతుంది. పుర్రచేతి వాటం. మొదట్లో మార్చాలని చూసి, తన వల్ల కాక, కోచే ముద్దుగా "ఎదురుగాలి" అని పేరు పెట్టింది. గిర్రున ఎదురొచ్చే ఈ పిల్లను చూసి మిగతావాళ్లు, "ఎదురుగాలి వస్తోంది, తప్పుకోండే" అని నవ్వుకునేవారు. కొన్నాళ్లకు అసలు పేరు కాగితాల్లోనే మిగిలింది.

మొదటి వారం లెక్కలు చూసి కోచ్ నొసలు ముడిపడింది. అందరి పేర్ల పక్కనా పెద్ద గెంతులు బారులు తీరి ఉన్నాయి. మేనకోడలి పేరు పక్కన మాత్రం ఒళ్లు వేడెక్కడానికి చుట్టు తిరక్కుండా వేసే చిన్న గెంతులు తప్ప ఏమీ లేవు. రెండో వారమూ అంతే.

"నేను చేశానత్తా," అంది పిల్ల.

"చేస్తే తెర మీద పడేది కదా. దానికేమైనా నీ మీద కక్షా?"

ఆ మాట చాటుగా అని ఉంటే వేరు. పిల్లలందరూ కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్న గదిలో నిలబెట్టి అంది. మేనకోడల్ని వెనకేసుకొస్తోందని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆవిడ పట్టుదల. అందుకే అక్కడితో ఆగక, "పని ఎగ్గొట్టడం ఒక తప్పు, పైగా అబద్ధాలొకటి. రాబోయే పోటీకి నువ్వు వెళ్లడం లేదు," అనేసింది.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి, "నువ్వు చెప్పావంటే ఇంక తిరుగేముందమ్మా. మేమూ బాగా గడ్డి పెట్టాంలే," అన్నాడు. తన మాటకు ఇంత విలువ ఉన్నందుకు కోచ్ కాస్త పొంగిపోయింది కూడా.

పోటీకి పేర్లు వెళ్లిపోయాయి. ఎదురుగాలి బదులు వెళ్లబోయే పిల్లకు వాళ్లమ్మ కొత్త గౌను కుట్టించేసింది.

ఆ తర్వాత ఒకరోజు పరిశోధకురాలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, మీ దగ్గర కుడివైపుకు తిరిగి గెంతేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఏం, ఎందుకు?"

"మేం ఈ ప్రోగ్రామ్ రాసేటప్పుడు వచ్చినవాళ్లంతా ఎడమవైపు తిరిగేవాళ్లే. దాంతో కుడివైపు తిరిగితే అది గెంతు కాదు, ఊరికే ఒళ్లు కదిలిందనుకుని తీసిపారేస్తోంది. నిన్న పాత కొలతలు తిరగేస్తుంటే బయటపడింది. ఎవరో బోలెడన్ని గెంతారు మేడమ్, చక్కగా దిగారు కూడా. మాకు బెల్టు నంబర్లే వస్తాయి, పేర్లు మీ తెర మీదే. ఏడో నంబరు ఎవరిది?"

"ఎదురుగాలిది," అంది కోచ్.

అన్నాక గాని తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆవిడకు తెలిసిరాలేదు. పరిశోధకురాలు అర్థంకానట్టు చూస్తోంది. ఆ పేరెందుకని అడుగుతుందేమోనని కోచ్‌కి భయమేసింది. అడిగితే ఏం చెప్పాలి? అందరికీ ఎదురు తిరుగుతుందని తనే పెట్టానని చెప్పాలి. పొద్దస్తమానం నోరారా ఆ పేరుతోనే పిలుస్తూ, ఆ పేరుతోనే అబద్ధాలకోరని తిట్టానని కూడా చెప్పాలి. యంత్రానికి తెలియదు, సరే. తనకేం రోగం? సిగ్గుతో ఆవిడ తల ఎత్తలేకపోయింది.

"మేమే ముందు అడగాల్సింది," అంది పరిశోధకురాలు మెల్లగా.

"నేనైనా చెప్పాల్సింది," అని కోచ్ బయటికి నడిచింది.

మంచు మీద ఓ మూల ఎదురుగాలి ఒక్కతే గెంతుతోంది. ఎడమవైపుకు. గెంతి, పడి, మోకాళ్ల మీద లేచి, మళ్లీ గెంతింది. అరచేతులు కందిపోయి ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే?"

"అందరిలా తిరుగుతున్నానత్తా. నావొక్కదానివే లెక్కలోకి రావట్లేదు కదా, ఇటు తిరిగితే వస్తాయేమోనని. మొన్న ఒకటి తెర మీద పడింది. చూశావా?"

కోచ్ చూడలేదు. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాగా, చేశానని."

కోచ్ అందర్నీ బూట్ల గదిలోకి పిలిచింది.

"ఇది అబద్ధమాడలేదు. ఇది ఎటు తిరుగుతుందో మీకందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా నేను కళ్లు మూసుకున్నాను. తిట్టింది మీ ముందే కాబట్టి మీ ముందే చెబుతున్నా, తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. కొత్త గౌను పిల్ల తలవంచుకుని ఎప్పుడో విప్పిన లేసునే మళ్లీ విప్పుతూ కూర్చుంది. ఆ పిల్ల చేతిలోంచి పోటీని లాక్కోవడానికి కోచ్‌కి మనసొప్పలేదు. లాక్కుంటే మరో పిల్లకు అన్యాయం చేసినట్టే. మేనకోడలు ఏడిస్తే బాగుండునని, కనీసం తన మీద విరుచుకుపడినా బాగుండునని అనుకుంది.

"సరే అత్తా," అని ఊరుకుంది పిల్ల.

మళ్లీ మంచు మీదికి తీసుకెళ్లి, కోచ్ తన చేత్తోనే బెల్టు విప్పేసింది. "నీ వైపే గెంతు. నేనిక్కడే నిలబడి చూస్తుంటాను."

ఎదురుగాలి దూరంగా వెళ్లి, వేగం అందుకుని, కుడివైపుకు గిర్రున తిరిగి ఒంటికాలి మీద దిగింది. ఎక్కడా తొణకలేదు. కోచ్ చప్పట్లు కొట్టబోయింది.

పిల్ల అత్త వైపు చూడలేదు. ఆఫీసు అద్దంలోంచి కనబడుతున్న తెర వైపు చూసింది.