కత్తెర పడని గుడ్డ

మా అత్తయ్యకు టీబీ అని ఆవిడకు, నాకు, నర్సుకు తప్ప నరమానవుడికి తెలియదు. తెలియకుండా కాపాడింది నా కుట్టు కొట్టు. మిషను వెనకాల తలుపు తీస్తే విదేశీ సంస్థవాళ్ళ మందుల గది. రోగులు చేతిలో గుడ్డ పట్టుకుని, కొలతలిచ్చేవాళ్ళలా వచ్చి, లోపలికి దూరి, మాత్రలు మింగి వెళ్ళేవాళ్ళు. ఒకరికొకరు ఎదురుపడకుండా నర్సు వేళలు చూసుకునేది. నోరు విప్పనని నేను ఒట్టు వేశాను. ఇంతమంది గుట్టు దాచీ దాచీ నా కడుపు ఉబ్బిపోయింది!

ఒకరోజు సంస్థవాళ్ళు కేకు కోసి, ఫొటోలు దిగి, "ఇకనుంచి అంతా సర్కారే చూసుకుంటుంది" అని చెప్పి, ఫ్యానుతో సహా ఊడదీసుకుని పోయారు. మందులు పెద్దాసుపత్రి వరండాకు మారాయి. మాత్రలు అవే. కాకపోతే మందులిచ్చే కిటికీ మీద వీధి చివరికి కనబడేలా 'టీబీ' అని బోర్డు. అందరికీ ఒకే రోజు, ఒకే వరస.

అత్తయ్య గేటు దగ్గరే వెనక్కి తిరిగింది.

"చచ్చినా అక్కడ నిలబడను. రేడియో చూసిందంటే?"

రేడియో అంటే మా ఎదురింటావిడ. ఆవిడ చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టి వస్తుంది.

"మధ్యలో మానేస్తే జబ్బు ముదురుతుందని నర్సు చెప్పలేదా అత్తయ్యా?"

"ముదరనీ. పరువు పోయాక బతికేం లాభం?"

పరువట, పరువు! నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "మీ దుప్పట్లన్నీ చిరుగులే. ఊరికే కుట్టిపెడతాను, మిషనుకు ఆ వరండాలో చోటివ్వండి చాలు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మర్నాడే కిటికీ పక్కన మిషను వేశాను. ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి తాడు కావాలి కదా? బోర్డుకు అడ్డంగా కట్టాను.

"బోర్డు కనబడ్డం లేదమ్మా" అని కాంపౌండరు గింజుకున్నాడు.

"ఆరగానే తీసేస్తా లెండి" అన్నాను. ఒకటి ఆరేలోపు ఇంకోటి తడిపి వేశాను.

మందుల రోజున అత్తయ్య తన నీలం పూల గుడ్డ పట్టుకుని సణుగుతూ వచ్చింది. వరసలో ముందున్నావిడ వెనక్కి తిరిగింది. చేతిలో పసుపు చారల గుడ్డ. రేడియో!

నేను తలొంచుకుని సూదిలోకి దారం ఎక్కించాను. ఆ చారల గుడ్డ నాకు కొత్తేం కాదు.

"కుట్టుపనికొచ్చా" అంది రేడియో, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

"నేనూ అందుకే."

రేడియో నీలం పూలను ఎగాదిగా చూసింది. "ఎన్నాళ్ళనుంచి మోస్తున్నావు వదినా ఈ గుడ్డ?"

"నీ చారలు మాత్రం కత్తెర మొహం చూశాయా ఏంటి?"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత కలిసికట్టుగా నామీద పడ్డారు.

"నీ కోడలంత బద్ధకస్తురాలు లోకంలో లేదు!"

"నాకు చెబుతావేం? ఇంట్లో వేగేదాన్ని నేను!"

అలా నన్ను దుమ్మెత్తిపోస్తూనే కిటికీ దాకా జరిగి, మాత్రలు గుటుక్కున మింగేశారు. తిట్లు తింటూ అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

మళ్ళీ మందుల రోజు పొద్దున్నే వీధి దద్దరిల్లేలా కేక వినబడింది.

"వదినోయ్! కుట్టుపనికి పోదామా?"

అత్తయ్య అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.