తెల్ల కాడ, నల్ల కాడ

రసూల్ సాబ్‌కు ఇనుము ఎంత మచ్చికో సోమందేపల్లె చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. బోరుబావిలో ఇరుక్కుపోయిన మోటారును పైకి లాగాలన్నా, తుప్పు పట్టి బిగుసుకుపోయిన పైపుల కీలు విప్పాలన్నా ఆయన రావాల్సిందే. మొరాయించే కీలుకు బ్లోల్యాంపు మంట చూపించి, రెంచి వేసి, ‘యా అల్లా’ అని ఒక్క తిప్పు తిప్పాడంటే ఊడి చేతికి రావాల్సిందే. వానలు మొహం చాటేసిన ఆ ఏళ్ళలో బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. మోటారు దించమని పిలిచేవాళ్ళు తగ్గి, తీసేయమని పిలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. ఊరు ఏడుస్తుంటే తనకు చేతినిండా పని ఉండడం ఆయనకే సిగ్గుగా ఉండేది.

ఆ కరువులోనే బెంగుళూరు వాళ్ళెవరో హైవే పక్కన రాళ్ళ భూమి కొని గోల్ఫ్ మైదానం వేశారు. జొన్న మొలవని చోట గడ్డి మొలిపించారంటే డబ్బున్న వాళ్ళకు తప్ప ఇంకెవరికి చెల్లుతుంది! ఆ గడ్డికి నీళ్ళు తోడే మోటార్ల పని రసూల్ సాబ్‌కు దొరికింది. ఆ మైదానం మాటే ఆయన పక్కింటి కుళ్లాయప్పను కూడా ఊరికి రప్పించింది.

శనక్కాయ పంట వరసగా పోయిన కాలంలో కుళ్లాయప్ప బెంగుళూరు వెళ్ళి, ఒక పెద్ద క్లబ్బులో దొరల గోల్ఫ్ సంచులు మోసే పనికి కుదిరాడు. మోస్తూ మోస్తూ ఆట చూశాడు, దొరలు వెళ్ళిపోయాక ఆడాడు, చివరికి ఆ దొరలకే తప్పులు దిద్దే దాకా వచ్చాడు. అన్నీ బాగున్నాయిగానీ పెళ్ళాం పక్కన లేదు. ఆంజినమ్మకు ఉబ్బసం. ఒకసారి వెంట తీసుకెళితే అక్కడి చలికి ఊపిరాడక ప్రాణాల మీదకు వచ్చింది. మళ్ళీ తెచ్చి ఊళ్ళో దించిపోయాడు. అప్పటి నుంచీ ఆయాసం వచ్చినప్పుడల్లా ఆమె వెళ్ళి తట్టేది రసూల్ సాబ్ తలుపే. రసూల్ సాబ్ భార్య హబీబా వేణ్ణీళ్ళు పెడుతుంది, ఆయన మోటారు సైకిలు తీస్తాడు. పుట్టింటి దిక్కు లేని ఆంజినమ్మ ఆయన్ను అన్నా అని, హబీబాను వదినా అని పిలుస్తుంది. ఆ వరస పట్టుకుని కుళ్లాయప్ప ఆయన్ను బావా అంటాడు.

ఊరి మైదానంలో ఆట నేర్పే మనిషి కావాలన్నారని తెలిసి కుళ్లాయప్ప సంచి సర్దుకుని వచ్చేశాడు. బెంగుళూరు నుంచి పెద్ద కోచ్ వస్తాడు. ఇద్దరు పోటీలో ఉన్నారు: కుళ్లాయప్ప ఒకడు, తిప్పేష్ అనే పడుచువాడు ఇంకొకడు. ఇద్దరినీ మైదానమంతా ఆడించి, మెరుగ్గా ఆడినవాడిని పెట్టుకుంటారు. కుళ్లాయప్ప గెలిస్తే ఆలుమగలు ఒక కప్పు కింద ఉంటారు. ఓడితే మళ్ళీ ఎవరి దారి వారిదే.

ఆంజినమ్మ అప్పుడే గెలిచినట్టు ఇంటికి సున్నం కొట్టించింది. “ఇంగ నీకు నిద్ర చెడేది ల్యా అన్నా. ఆయప్పే ఈడుంటే నీ తలుపు తట్టే పనేముండాది నాకు,” అని రసూల్ సాబ్‌ను ఎగతాళి చేసేది. ఆ మనిషి ముఖంలో అంత నవ్వు ఆయన ఎన్నడూ చూడలేదు. అది చూసి ఆయనకూ లోపల ఆశ పుట్టింది.

ఒక పొద్దున రసూల్ సాబ్ రిపేరు షాపు ముందు ఆయనా కుళ్లాయప్పా టీ తాగుతున్నారు.

“ఏమప్పా, గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటాండావు?” అన్నాడు రసూల్ సాబ్.

“ఏం ల్యా బావా.”

“ఏం ల్యాకపోతే కుడి చేత్తో ఎత్తు, చూద్దాం.”

గ్లాసు గడ్డం దాకా కూడా రాలేదు. చెయ్యి వణికి టీ పంచె మీద ఒలికింది. ఇక దాచి లాభం లేక కుళ్లాయప్ప మోచెయ్యి చూపించాడు. కీలు దగ్గర వాచి ఉంది.

“బెంగుళూర్లో గడ్డి పరుపు మాదిరి ఉంటాది బావా. కర్ర సర్రన జారిపోతాది. ఈడ గడ్డి కింద బెత్తెడు మట్టి గూడా ల్యా, అంతా గరుసు రాయే. వెడ్జితో కొట్టినప్పుడల్లా గడ్డపార బండకు తగిలినట్ల మోచేతి దాకా జిల్లుమంటాది.”

గోల్ఫ్‌లో దూరం కొట్టే కర్రలు వేరు, దగ్గర కొట్టే కర్రలు వేరు. దగ్గర కొట్టేవాటినే వెడ్జిలంటారు. తలకాయ వెడల్పుగా, వెనక్కి వాలి ఉంటుంది. ఇసుక గుంటలో పడిన బంతిని పైకి లేపి జెండా పక్కన దించేది అవే. కుళ్లాయప్పకు పేరొచ్చింది వాటితోనే. అవి మానేసి ఆడమంటే వంటమనిషిని ఉప్పు ముట్టకుండా వండమన్నట్టే.

రసూల్ సాబ్ ఒకటి రెండు రోజులు బుర్ర గోక్కున్నాడు. మైదానం ఆఫీసు వెనక రేకుల గదిలో, ఎవరో ముసలి మెంబరు వదిలేసిన పాత కర్రలు ఒక కట్ట పడి ఉన్నాయి. కుళ్లాయప్ప వెడ్జిల కాడలు తెల్లగా మెరిసే ఉక్కువి. ఈ పాతవాటి కాడలు నల్లగా, పుల్లల్లా తేలిగ్గా ఉన్నాయి. గ్రాఫైట్ అంటారట. దెబ్బ అదురును అవే మింగేసి చేతికి రానివ్వవట. మేనేజరును అడిగితే చెత్తే కదా తీసుకోమన్నాడు. ఆయన కట్ట మోసుకొచ్చి కుళ్లాయప్ప ముందు పడేశాడు.

“ఈ నల్ల కాడలు పీకి నీ వెడ్జి తలకాయలకు బిగిస్తా. చెయ్యి బతికిపోతాది.”

“వెడ్జికి గ్రాఫైట్ ఎవురేస్తారు బావా? ముసలోళ్ళు ఏసుకుంటారు. ఉక్కు కాడైతే బంతి యాడ తగిలింది, ఎంత తగిలింది అన్నీ చేతికి చెప్తాది. ఇది మూగది.”

“చెప్తాది సరే, ఇననీకి చెయ్యి మిగలల్ల గదప్పా! ప్లాస్టిక్ పైపులు వచ్చినప్పుడు నేనూ ఇట్లే నవ్వినా. ఇప్పుడు చూడు, ఇనప పైపు దించమనే మొగోడు ఉండాడా?”

“మరి దీన్ని మార్చేదానికి బెంగుళూర్లో అంగడి ఉండాది. ఆ పనే చేస్తారు వాళ్ళు. ఒక దినం పొయ్యొస్తా.”

అక్కడే రసూల్ సాబ్‌కు రోషం పొడుచుకొచ్చింది. “పాతాళంలో మోటారు తీసే చేతికి ఈ పుల్ల మార్చేది రాదా? ఎవురికి చెప్తాండావు?” అన్నాడు. అప్పుడే రొట్టెల మూట పట్టుకుని వచ్చిన ఆంజినమ్మ కూడా అన్న వైపే మొగ్గింది. “నల్లదో తెల్లదో, నువ్వు ఈడ ఉంటే సాలు. అన్న చెప్పినట్ల ఇను. అన్న చెయ్యి పడితే తప్పు పోదు,” అంది. ఇద్దరూ ఒకటైతే పాపం కుళ్లాయప్ప మాత్రం ఏం చేస్తాడు, సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. ముందు వెడ్జిల ఉక్కు కాడలు తీశాడు. తలకాయ మెడ దగ్గర మంట పెట్టి తిప్పితే గమ్ము కరిగి సులువుగా ఊడిపోయాయి. తరవాత పాత కర్రల నల్ల కాడలు. వాటికీ అదే మంట, అదే తిప్పు. అవి కాస్త మొండికేశాయి. ఆయన మంట పెంచాడు, గోనె గుడ్డ చుట్టి ఇంకా గట్టిగా తిప్పాడు. మాడు వాసన కొట్టింది. గమ్ము మాడితే వాసన రాదా మరి అనుకున్నాడు. చివరలు గీకి, కొత్త గమ్ము పూసి, వెడ్జి తలకాయల్లో నిలబెట్టి ఆరబెట్టాడు. చూడ్డానికి కంపెనీ సరుకులాగే ఉన్నాయి. హబీబాను పిలిచి మరీ చూపించుకున్నాడు.

మర్నాడు కుళ్లాయప్ప మైదానంలో మెల్లగా రెండు దెబ్బలు కొట్టి ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మోచెయ్యి తడుముకుని రసూల్ సాబ్ వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

“మూగది కాదు బావా. సన్నంగా మాట్లాడుతాది, అంతే.”

ఆ మాటకు రసూల్ సాబ్ పొంగిపోయాడు. వాపు ఇంకా పెరక్కుండా పోటీ దాకా చేతికి విశ్రాంతి ఇమ్మని తనే చెప్పి, ఆ వెడ్జిలను గుడ్డలో చుట్టి దాచాడు.

పోటీ నాడు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మోటారు షెడ్డు నీడలో రసూల్ సాబ్, ఆంజినమ్మ నిలబడ్డారు. ఆమెకు ఆట తెలియదు. ప్రతి దెబ్బకూ “మనదేనా అన్నా?” అని అడిగేది. తిప్పేష్ దూరం బాగా కొట్టాడు. కుళ్లాయప్ప జెండా దగ్గరకొచ్చాక నల్ల కాడల వెడ్జిలతో ఆ తేడా పూడ్చుకుంటూ వచ్చాడు. ఆఖరి జెండా దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. తిప్పేష్ బంతి జెండాకు కొంచెం దూరాన పచ్చిక మీద ఆగింది. కుళ్లాయప్ప బంతి ఇసుక గుంటలో పడింది.

“అయ్యో!” అంది ఆంజినమ్మ.

“అయ్యో కాదు తల్లీ, అది వాడి సొంత ఇల్లు. చూడు,” అన్నాడు రసూల్ సాబ్.

కుళ్లాయప్ప కాళ్ళు ఇసుకలో కుదురుకున్నాయి. కర్ర లేచింది, దిగింది. ఫట్‌మని చప్పుడైంది. కాడ విరిగి వెడ్జి తలకాయ ఎగిరి అవతల పడింది. ఇసుక లేచింది గానీ బంతి ఉన్నచోటు నుంచి జానెడు కూడా కదల్లేదు. కుళ్లాయప్ప చేతిలో నల్ల కాడ మాత్రం మిగిలింది. ఆయన దాని చివర చూశాడు, వేలితో తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో కర్రతో ఆడొచ్చన్నాడు కోచ్. కుళ్లాయప్ప రెండో వెడ్జి తీశాడు. ఇక చెయ్యి దాన్ని నమ్మలేదు. ఇదీ విరుగుతుందేమోనన్న భయంతో బెదురుగా కొట్టిన బంతి గుంట గట్టుకు తగిలి మళ్ళీ లోపలే పడింది. తిప్పేష్ గెలిచాడు.

రసూల్ సాబ్ విరిగిపడిన తలకాయ ఏరుకొచ్చేసరికి కోచ్ అక్కడే ఉన్నాడు. పెద్దమనిషి, మెత్తగానే అడిగాడు.

“ఈ కాడ ఎవరు మార్చారు?”

“నేనే సార్.”

“మంట పెట్టారా?”

“పెట్టకపోతే ఎట్లా ఊడుతాది సార్?”

“ఇది ఇనుము కాదు సాబ్. నారపోగులను గమ్ముతో అతికించి చేసిన గొట్టం. మంట ఎక్కువైనా, మెలిపెట్టి తిప్పినా లోపల గుల్లైపోతుంది. పైకి తెలియదు.”

“తప్పు నాది సార్, వాడిది కాదు. ఇంకొక్క తూరి ఆడిపించండి,” అని రసూల్ సాబ్ ఆయన చేతులు పట్టుకున్నాడు. తిప్పేష్ కూడా న్యాయంగానే గెలిచాడు కదా, ఇప్పుడు కాదంటే ఎలా అన్నాడు కోచ్. అందులో అబద్ధం లేదు.

షెడ్డు వెనక కుళ్లాయప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆంజినమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఇంటిదారి పట్టింది.

“కుళ్లాయా,” అన్నాడు రసూల్ సాబ్. “నేనే రా... ఆ మంట...”

“తెలుసు బావా. ఇరిగిన కాడే మాడు వాసన కొట్టె.”

“చెప్పుతో కొట్టు నన్ను. పద, ఆంజినమ్మకు నేనే చెప్తా. కాళ్ళు పట్టుకుంటా.”

కుళ్లాయప్ప ఆయన చెయ్యి పట్టి ఆపాడు. “చెప్పొద్దు. నా చెయ్యి పట్టు తప్పె, నేలకు కొట్టి ఇరగ్గొడితి అని ఆమెకు చెప్పినా.”

“అట్లెందుకు చెప్పినావు రా? నీది కాని తప్పు!”

“ఎందుకేమి బావా! నేను ఎల్లుండి బస్సెక్కుతా. ఆమెకు ఊపిరాడకపోతే యాడికి పోతాది? నీ తలుపే తట్టల్ల. నీ మింద మనసు ఇరిగిందనుకో, మొండిది, అరుగు మింద కూచోని చస్తాది గానీ నీ గడప తొక్కదు. నా మింద కోపం ఉంటే ఏమైతాది? తిట్టుకుంటాది. తిట్టుకోనీ.”

రసూల్ సాబ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు అయిపోయే దాకా కుళ్లాయప్ప పక్కనే కూర్చున్నాడు. అంతా పోగొట్టుకున్నవాడే ఓదార్చాల్సి వచ్చింది, ఏం చెప్పాలి ఆ ఖర్మకు!

అన్నట్టే కుళ్లాయప్ప వెళ్ళిపోయాడు. బస్సు దగ్గరకు ఆంజినమ్మ రాలేదు. సంచి బస్సు మీదకు ఎక్కించింది రసూల్ సాబే. ఆ చేత్తో ఇంకెన్నాళ్ళు సంచులు మోస్తావురా అని అడగబోయి మానుకున్నాడు.

ఆ వారంలోనే ఆంజినమ్మకు ఆయాసం వచ్చింది. ఎప్పటిలాగే తలుపు తట్టింది. హబీబా వేణ్ణీళ్ళు పెట్టింది, రసూల్ సాబ్ మోటారు సైకిలు తీశాడు. తేరుకున్నాక ఒక సాయంత్రం ఆమె గిన్నెలో చింతచిగురు పప్పు తెచ్చి, ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుంది.

“ఎంత కష్టపడి బిగిస్తివన్నా ఆ కాడలు! అట్లాంటివాటిని నేలకేసి కొట్టుకునె ఆ చేతగాని మనిషి. ఇంటికి సున్నం గూడా కొట్టిస్తి గదా నేను.”

రసూల్ సాబ్ చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. హబీబా నీళ్ళ చెంబు ముందుకు జరిపింది.

“నిన్న ఫోన్ చేసె. నేను పలకలేదు, పెట్టేస్తి,” అంది ఆంజినమ్మ. “నువ్వన్నా ఫోన్ చేసి గట్టిగా తిట్టన్నా. నీ మాటైతే ఇంటాడు.”

ఆయన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు.

“తిడతాలే తల్లీ,” అన్నాడు.