ఇంకా తేలని సంగతి

తిథినాడు పెట్టే పడెయల్ వంటకు ఉప్పు చూడకూడదు. పోయినవారి కోసం ఆకులో వడ్డించిన ముద్దను కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ తినకూడదు. పెళ్ళయిన ఏటి నుంచీ మామగారికి ఇష్టమైన వంజరం చేపల పులుసును నేను చేతి అంచనాతోనే దించుతున్నాను. ఈ నియమానికి ఒకే ఒక మినహాయింపు ఉంది. మావారు పట్టాభిరామన్‌కు షుగరు. మాత్ర వేసుకోవాలి కనుక పొద్దున్నే ఇడ్లీలు తిన్నారు. ఊళ్ళోని హేతువాద సంఘానికి ఆయన అధ్యక్షుడు. "నాకు నమ్మకం లేదు మీనా, అంతా అమ్మ కోసం" అంటారు ప్రతి ఏడూ. నాకూ నమ్మకం లేదు. నమ్మకం లేని ఇద్దరిలో గరిటె ఎవరు పట్టుకోవాలన్నది మాత్రం మా ఇంట్లో ఎన్నడూ చర్చకు రాలేదు.

ఈ ఏడు ఒక చిక్కు వచ్చింది. సంఘం కార్యదర్శి యోగానంద్ నన్ను ప్రసంగించమన్నాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తరగతి గది వెలుపల నన్ను మాట్లాడమని అడిగిన మొదటి మనిషి అతడే. విషయం నేనే ఎంచుకున్నాను: కోంబ్ జెల్లీ. జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది కానీ ఆ జాతి కాదు. గాజులాంటి ఒంటిమీద ఎనిమిది వరుసల సన్నని రోమాలు దువ్వెన పళ్ళలా కదిలి దాన్ని నడుపుతాయి. సీసాలో దాచుకుందామని మందునీళ్ళలో వేస్తే చాలావరకు కరిగిపోతుంది. అందుకే మా కాలేజీ మ్యూజియంలో అది లేదు. పెళ్ళికి ముందు పిళ్ళైచావడి తీరంలో, జాలర్లు వల దులుపుతున్న చోట, బీకరులో సముద్రపు నీళ్ళు పట్టి దాన్ని బతికుండగా చూశాను. పరిశోధన దానిమీదే చేయాలనుకున్నాను. పెళ్ళయ్యాక, బట్టలు చేపల కంపు కొడుతున్నాయని అత్తింట్లో అన్నారు.

సభకు తేదీ పెట్టేటప్పుడు హేతువాదులు పంచాంగం చూడరు. చూడలేదు గనుకనే సభ వచ్చి సరిగ్గా మామగారి తిథి మీద పడింది.

"దానికేంది? ఆకు ఎత్తినాక ఇంట్లో నీకు పని ఉంటాది. నువ్వు రాసింది నేను చదివేస్తా. నువ్వు చెప్తే ఏంది, నేను చెప్తే ఏంది? మనమిద్దురం ఒకటే గదా" అన్నారు ఆయన. అని ఊరుకోలేదు, పెన్సిలుతో దిద్దారు కూడా. స్పంజి, ఆ తర్వాత జెల్లీ, పురుగు, చేప, కోతి, మనిషి: మెట్టు మీద మెట్టు. నేను అలా రాయలేదు. క్రోమోజోముల్లో జన్యువులు పక్కపక్కన అమరిన తీరు చూస్తే, మిగతా జంతువులన్నిటి నుంచీ మొదట విడిపోయింది కోంబ్ జెల్లీల వంశమేనని కొందరంటున్నారు, స్పంజిదేనని ఇంకొందరంటున్నారు అని రాశాను. మొదటి మాటే నిజమైతే నరాలు రెండుసార్లు పుట్టి ఉండాలి; లేదా స్పంజి తనకున్న నరాలను పోగొట్టుకొని ఉండాలి.

"ఉండేదాన్ని ఎవురన్నా పోగొట్టుకుంటారా?" అని ఆయన నవ్వారు. నేను వంజరం ముక్కలు కడుగుతున్నాను.

జంతువుల నుంచి నీతులు తీయడం నాకు గిట్టదు. సీతాకోకచిలుకను చూపి స్త్రీకి ఓర్పు బోధించినవాళ్ళను చాలామందిని చూశాను. అయినా పులుసు మరుగుతున్నంతసేపూ ఈ మధ్య చదివిన సంగతే మనసులో తిరిగింది. గాయపడిన రెండు కోంబ్ జెల్లీలను ఆనించి ఉంచితే ఒకే ఒళ్ళుగా అతుక్కుంటాయట. కొన్ని గంటల్లోనే రెంటి కండరాలూ ఒకే తాళానికి ముడుచుకుంటాయి. ఒక నోట పెట్టిన మేత రెండోదాని కడుపులోకీ చేరుతుంది. ఒకటే అన్న మాటకు ఆ సముద్రంలో కనీసం అంత అర్థం ఉంది. నేను నిన్న రాత్రి తిన్నదే. ఆయన తిన్న ఇడ్లీ నా కడుపుకు చేరలేదు.

ఆకులు వేయడం పూర్తయి చాలాసేపైంది. కాకి రాలేదు. పక్క మేడమీద ఇనుప షెడ్డు వేస్తున్నారు. సుత్తి దెబ్బలకు పిట్ట కూడా వాలడం లేదు. మా మేడమీంచి అధ్యక్షులవారి గొంతు వినిపిస్తోంది: "కా... కా... కా..." అరిచి అరిచి ఆ గొంతు జీరబోయింది. ఆ పిలుపులో నమ్మకం లేకపోవచ్చు, తండ్రి మీద ప్రేమ ఉంది. అది నేను కాదనను. ఆ ప్రేమ తెల్లవారుజాము నుంచి నా నడుములో నొప్పెడుతోంది, అంతే.

సభ నాలుగు గంటలకు. మూడు దాటింది. నేను ఒక ఆకు కడిగి, వంటింట్లో నేలమీద వేసుకొని, అన్నం పెట్టుకొని కూర్చున్నాను.

అత్త జయలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కాకి ఇంకా ముట్టలేదే?"

"లేదత్తా."

ఆవిడ గోడ పట్టుకొని లోపలికి వచ్చింది. తర్వాత పులుసు గిన్నెను కాలితో మెల్లగా నావైపు జరిపింది, నడుము వంగదు ఇప్పుడు. "ఏసుకో. ఎండన పొయ్యేదానివి." మళ్ళీ అంది: "నేను ఒక ఏడన్నా ఇట్ట తినలేదు మీనా. తినొచ్చునని తోచనే లేదు పో."

చెయ్యి కడుక్కొని చీర మార్చుకొనేసరికి ఆయన చెమటలు తుడుచుకుంటూ దిగి వచ్చారు.

"యాడికి?"

"సభకు."

"నేను చదివేది అని అనుకున్నాం గదా?"

"మీరు అనుకున్నారు."

"ఇక్కడ ఎవురు చూసుకుంటారు?"

"వంట అయింది. కాకి కోసం కాచుకోవడానికి జంతుశాస్త్రం అక్కర్లేదు."

లోపలినుంచి అత్త నవ్వు వినపడింది. ఆయనకు నవ్వు రాలేదు. గొంతు తగ్గించారు. ఆయన గాభరా నిజమైనదే. "మీనా, ఇంకా తేలని సంగతి అది. నలుగుర్లో చెప్పి నగుబాటు అవుతావు."

"తేలలేదనే చెప్తానండి."

హాలు గుమ్మంలోనే యోగానంద్ ఎదురొచ్చాడు. "సార్ రాలేదామ్మా? ఒంట్లో బాగలేదా?" ప్రతి ఏడూ ఈ తిథినాడు సార్ కోసం అతడు ఫోను చేస్తే నేను చెప్పే జవాబును పాపం తానే అందించాడు.

"బాగున్నారు. ఇంట్లో వాళ్ళ నాయన పడెయల్. కాకి కోసం మేడమీద ఉన్నారు" అన్నాను.

అతడి ముఖంలో ఎన్నో ప్రశ్నలు కదిలాయి. వాటి జవాబులు చెప్పవలసింది నేను కాదు. వేదిక ఎక్కి, మైకును నా ఎత్తుకు దించుకున్నాను.

"మనకంటే ముందు విడిపోయిన జీవి మనకంటే వెనకబడింది కాదు. విడిపోయిన నాటినుంచి ఈ సాయంత్రం దాకా, మనం ఎంతకాలం బతికామో అదీ అంతకాలమూ బతికింది" అని మొదలుపెట్టాను.