వెనక నిలబడే మనిషి

"కెమెరా పెట్టించాగా, ఇంకా ఏంటి నీ గోల?" అన్నాడు వడ్రంగి. పొద్దున్నించి ఆ మాట అనడం అది మూడోసారి.

భార్య కుర్చీకాలిని ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉంది. కుడి మోచేయి ఇంకా సలుపుతోంది.

"వెళ్ళి చూడండి మీ కెమెరాలో ఏం కనిపిస్తోందో. ట్రాలీ ముందుపలక, దానికి కొట్టిన మేకులు. అవి లెక్కపెట్టుకోవడానికా కొన్నది?"

నిజమే. ఆయన వ్యాను వెనక తగిలించే సామాన్ల ట్రాలీని ఇంట్లో వదిలేసి, ఒట్టి వ్యాను తీసుకుని షాపుకి పోయాడు. వాళ్ళు వ్యాను వెనక కెమెరా బిగించి పంపారు. ట్రాలీ తగిలించాక తెర నిండా చెక్కే.

"వ్యాను కొక్కేనికి ట్రాలీ తగిలించేటప్పుడు పనికొస్తుంది. మిగతాదానికి నువ్వున్నావుగా."

"మా రోజుల్లో కెమెరాలేవి? కళ్ళుండేవి," అంది అత్తగారు గడప మీద నుంచి.

"ఆ కళ్ళు నావే కదా అత్తయ్యా," అంది కోడలు.

పదకొండేళ్ళుగా ట్రాలీ వెనక్కి వస్తోందంటే ఆవిడ దాని వెనక నిలబడాల్సిందే. పలక మీద ఒక దెబ్బ కొడితే రమ్మని, రెండు కొడితే ఆగమని. మొన్న ఒక ఇరుకు సందులో బీరువా దింపడానికి వెళ్ళారు. పక్కింట్లో గోడకి డ్రిల్లింగు నడుస్తోంది. ఆవిడ రెండు కాదు, పది దెబ్బలు కొట్టింది. ఆ మోతలో ఆయనకి వినిపించలేదు, ట్రాలీ ఆగలేదు. పక్కకి తప్పుకోబోతే మోచేయి గోడకీ ఇనప చట్రానికీ మధ్య నలిగింది. ఆయన దిగి, ముందు బీరువా అద్దం తడిమి చూశాడు. "అమ్మయ్య, బాగానే ఉంది," అన్నాడు. ఇంట్లో వాళ్ళకి మాత్రం తలుపులో నలిగిందని చెప్పింది ఆవిడ. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

కూతురు షాపువాళ్ళతో మాట్లాడి, ఫోన్ పెట్టేసి వచ్చింది. "ట్రాలీ తోకకి ఇంకోటి పెడతారట నాన్నా. వైరు లేనిదైతే అరగంట పనే, కానీ ఒక్కోసారి తెర మీద బొమ్మ ఆగిపోతుందట. వైరుదైతే అలా ఉండదు, కాకపోతే రోజంతా పడుతుంది."

"రేపు ఆరు తలుపులు దింపాలి. వైరు లేనిదే కానీ."

"మరి బొమ్మ ఆగిపోతే?"

"ఎప్పుడో ఒకసారి ఆగుతుంది. అప్పుడు మీ అమ్మ ఎలాగూ..."

మిగతా మాట మింగేశాడు. పదకొండేళ్ళుగా వింటున్న మాట, మింగినా వినిపించింది ఆవిడకి. ఉప్పుకాగితం కింద పెట్టి, ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ అందరికీ వడ్డించి, తన కంచం ముందు కూర్చుంది.

"మొన్న నా చెయ్యి నలిగింది తలుపులో కాదత్తయ్యా, ట్రాలీకీ గోడకీ మధ్య. ఈయన దిగొచ్చి ముందు అద్దం చూసుకున్నారు."

అత్తగారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కొడుకు వైపు తిరిగింది.

"అంటే... అది చిన్నదెబ్బేనని..." అని గొణిగాడాయన.

"పెళ్ళాన్ని గోడకేసి నొక్కి అద్దం తడిమావా? నోరు మూసుకుని తిను."

భార్య గొంతు పెంచలేదు. కూతురి కంచంలో ఇంకాస్త కూర వేస్తూ చెప్పింది.

"రేపు ట్రాలీ కదలదు. మెకానిక్కు వచ్చి తోక దాకా వైరు లాగుతాడు. తలుపులు ఎల్లుండి వస్తాయని చేయించుకున్నవాళ్ళకి చెప్పేశాను. ఇకమీదట కెమెరా పనిచేసినా చెయ్యకపోయినా, ట్రాలీ వెనక నేను నిలబడను."