మంచం మీది వేషం

సినిమా హాలంటే బేకరీ ఆయనకు పడకగదితో సమానం. కోడి కూయకముందే లేచి పిండి కలిపే మనిషి, హాల్లో దీపాలు ఆరితే చాలు, తల వాల్చేసేవాడు. పెళ్లైన కొత్తలో భార్యను ఈ హాలుకే తీసుకొచ్చి, తెరమీద పేర్లు పడుతుండగానే గురక అందుకున్నాడు. కొత్త పెళ్లికూతురు మోచేత్తో ఒక్క పోటు పొడిచి, "అటు తిరిగి పడుకోండి" అంది. కాపురమంతా అదే వరస.

ఇప్పుడక్కడ సినిమాలు లేవు. మూతపడి గబ్బిలాల పాలైన హాలును పేటవాళ్లే పూనుకుని కళాకేంద్రం చేసుకున్నారు. టికెట్ల కిటికీలోంచి పుస్తకాలు ఇస్తున్నారు. బాల్కనీలో బొమ్మలు గీయడం నేర్పుతున్నారు. తెర ఉన్నచోట వేదిక కట్టారు. ఈ సాయంత్రం ఆ వేదిక మీద ఆవిడ మొదటి నాటకం.

ఆవిడది మంచాన పడ్డ తల్లి వేషం. కొడుకులిద్దరూ ఇల్లు నాదంటే నాదని కొట్టుకుంటుంటే దుప్పటి కప్పుకుని కదలకుండా ఉండి, చివర్లో లేచి "నేనింకా పోలేదురా" అనాలి. ఆ ఒక్క మాటనూ వంటింట్లో, పెరట్లో, చివరికి రొట్టె కొనడానికొచ్చిన వాళ్ల ముందు కూడా అని చూసుకుంది. ఆ బెంగతో కంటిమీద కునుకు లేదు.

"ఇవాళ కూడా నిద్రపోయారో, మళ్లీ నా మొహం చూడకండి" అని బయల్దేరేటప్పుడే చెప్పింది.

ఆయన చిక్కటి కాఫీ తాగి, ముందు వరసలో కూర్చుని, తొడ గిల్లుకుంటూ కళ్లు పత్తికాయల్లా చేసుకుని చూశాడు.

పెద్దకొడుకు వేషం వేసిన ఎలక్ట్రీషియన్ గొంతు పెంచి, "అమ్మకే గనక నోరు పెగిలితే, ఇల్లు ఎవరిదో చెప్పేది" అన్నాడు. ఆవిడ లేవాల్సింది ఆ మాటకే. మంచం మీద ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అన్నాడు. చిన్నకొడుకుగా వేసిన పోస్ట్‌మ్యాన్ మంచం కోడును కాలితో తన్నాడు. పక్క తెర చాటున డ్రామా టీచరు చేతులు నలుపుకుంటోంది.

దుప్పటి కింద నుంచి చిన్నగా ఉఫ్ ఉఫ్‌మని ఊపిరి. రోజూ తెల్లవారుజామున ఆయన వినేదే. భార్య హాయిగా నిద్రపోతోంది.

పిలిస్తే అందరిలో ఆవిడ పరువు పోతుంది. ఆయన వెనక్కి వాలి, నోరు తెరిచి, హాలు దద్దరిల్లేలా గురక పెట్టాడు.

మంచం మీద ఆవిడ మోచేయి దిండును పొడిచింది. "అటు తిరిగి పడుకోండి, చెవులు చిల్లులు పడుతున్నాయి."

కళ్లు తెరిచేసరికి ఎదురుగా జనం. గబుక్కున లేచి కూర్చుని, "నేనింకా పోలేదురా" అంది. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

బయట వరండాలో అందరూ ఆవిడను మెచ్చుకున్నారు. ఎదురింటావిడ మాత్రం ఆయన్ని నిలదీసింది. "ఒక్కపూట మెలకువగా ఉండలేకపోయావా అన్నయ్యా?"

"ఏం చేయనమ్మా, మాగన్నుగా పట్టేసింది" అన్నాడాయన తల దించుకుని.

భార్య పక్కకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "మీ అసలు గురకలో చివర ఈల ఉంటుంది. ఇందాక లేదు."

"తెలిసీ ఎందుకు లేచావు మరి?"

"నిద్రలో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు ఆలోచిస్తే తట్టింది."

ఇంతలో టీచరు పరుగున వచ్చింది. "బాబాయిగారూ, రేపటి ఆటకూ రావాలి. ఆ గురక లేకపోతే నాటకం తేలిపోతుంది."

"రేపు నిజంగానే పడుకుంటారు. సమయానికి గురక పెట్టించడం నా వల్ల కాదు" అంది ఆవిడ.

టీచరు వదల్లేదు. "పోనీ, వేదిక మీద ఆయనకూ ఓ మంచం వేయిస్తాను."

"కాస్త పొడుగ్గా ఉండేది చూడమ్మా" అన్నాడు బేకరీ ఆయన.