గాలిమర నీడ

అత్తగారికి నోరు పెద్దదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఆవిడా కాదనదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఆవిడ చరిత్రలోనే లేదు.

విదేశీ కంపెనీ ఒకటి డబ్బు పెట్టి పడమటి గుట్ట మీద గాలిమరలు నిలబెట్టింది. కరెంటు కోతలు తగ్గాయని ఊరంతా సంబరపడింది. చిక్కల్లా చివరి మరతోనే వచ్చింది. పొద్దు దాని వెనక్కి దిగే వేళకు రెక్కల నీడ తిన్నగా వచ్చి అత్తగారి ముందుగదిలో పడేది. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. కోడలి కుట్టుమిషను ఆ గదిలోనే ఉంది. సూది ఎక్కడ దిగుతోందో కనబడక పాపం ఆ పిల్ల పని ఆపేసేది.

అత్తగారు ఊరుకుంటుందా? కంపెనీ ఆఫీసుకు వెళ్లి, "మా కోడలి పొట్ట కొడతారా? దాన్ని మీరు ఆపుతారా, నన్నెక్కి ఆపమంటారా?" అని అందరినీ దులిపేసి వచ్చింది. వారాలు గడిచినా ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

ఈలోగా కోడలు ఊరికే కూర్చోలేక, ఆ వేళకు టీ పెట్టుకుని గుమ్మంలోకి రావడం మొదలుపెట్టింది. కొడుకు లారీ తోలుతూ ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. పొద్దస్తమానం తలొంచుకుని కుట్టే పిల్ల అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చుని, కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టే బ్యాంకు మేనేజరును అచ్చు దింపేసేది. అత్తగారు కడుపుబ్బ నవ్వేది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ, కోడలి దగ్గర ఇన్ని వేషాలున్నాయని ఆవిడకు తెలియనే తెలియదు. ఇప్పుడు మధ్యాహ్నం నుంచే ఆవిడ చూపు గుట్ట మీద ఉంటోంది. మబ్బు పడితే చిరాకు పడుతోంది.

ఒకనాడు కంపెనీ ఆఫీసరు, పెట్టుబడి పెట్టిన దేశం నుంచి వచ్చిన పొడుగాటి ఇంజనీరును వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఆలస్యమైంది, ఏమనుకోకండమ్మా. వీళ్ల దేశంలో ఇళ్ల మీద ఇలా నీడ పడితే మర ఆపాల్సిందేనట. ఇక్కడా అలాగే చేయమన్నారు. రేపట్నుంచి ఆ కాసేపు ఆపేస్తాం. సంతోషమేనా?"

అత్తగారు గుట్ట వైపు చూసింది. లోపల మిషను టకటకలాడుతూనే ఉంది. పిల్ల పని సాగుతుందంటే అడ్డుపడడం పాపమే. అయినా మనసు ఒప్పుకోలేదు.

"వద్దులే బాబూ. తిరగనీ."

ఆఫీసరు తెల్లబోయాడు. "మరి ఆ రోజు మమ్మల్ని చెడామడా తిట్టారు కదండీ!"

"తిట్టాను. తప్పయింది." ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. "ఆ నీడ పడ్డప్పుడే నా కోడలు నాకు దొరుకుతోంది. అది కాస్తా ఆపేస్తే నేనెవరితో మాట్లాడను?"

లోపల మిషను ఆగింది. కోడలు బయటికొచ్చి మెట్టు దగ్గర నిలబడింది.

"అదేమిటే, ఇంకా నీడ రాలేదుగా?" అంది అత్తగారు కంగారుగా.

"ఆపుకుంటే ఆపుకోనీండి అత్తయ్యా. మీ దగ్గరికి రావడానికి నాకు నీడెందుకు?"

అత్తగారు కొంచెం పక్కకు జరిగి కోడలికి చోటిచ్చింది.